మా మేడ మీది సలాకలు

నాకు ఎవరి మాటా ఒక్కసారికి ఎక్కదు. కూరగాయల బండతను ‘పొద్దుగాల కోసినయమ్మా’ అంటే, వంకాయ తొడిమ గిల్లి చూసిగాని సంచిలో వేయను. పాలలో నీళ్లు, మాటల్లో అవసరానికి మించిన తీపి, రెండూ నాకు వెంటనే తెలిసిపోతాయి. మా అమ్మ దీన్ని రోగం అనేది. పెళ్లయి దిల్‌సుఖ్‌నగర్ వచ్చాక ఆ రోగం తగ్గకపోగా ముదిరింది. అందుకు కారణం మా మేడ మీది ఇనుప సలాకలు.

మా మామ ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. నల్లగొండ దగ్గరి పల్లె నుంచి వచ్చి, కడుపు కట్టుకుని, మెయిన్ రోడ్డు వెనక సందులో కింద మాకు ఒక వాటా, పైన కిరాయికి ఒక వాటా కట్టాడు. పై స్లాబు పోశాక పిల్లర్ల కొసన సలాకలు కోయించకుండా అలాగే నిలబెట్టి ఉంచాడు. మా వైపు అందరూ అంతే. సలాకలు నిలబడి ఉన్నాయంటే ఇల్లు ఇంకా పైకి లేస్తుందని, ఆ ఇంటివాడికి ఇంకా సత్తా ఉందని అర్థం. కోసేసుకున్నవాడిని చూసి ‘ఇగ ఆయన పని అయిపోయింది’ అని జాలిపడేవాళ్లు.

కాపురానికి వచ్చిన కొత్తల్లో మామ నన్ను మేడ మీదకు పిలిచి, ఆ సలాకల మధ్య నిలబెట్టాడు.

“ఇగో బిడ్డా, గీ జాగల నీ వంటిల్లొస్తది. కిటికీ ఎటు దిక్కు కావాల్నో ఇప్పుడే చెప్పు” అన్నాడు.

తూర్పు అని చెప్పాను. ఎంత సంబరపడ్డానో! కింద వంటిల్లు అత్తమ్మది. ఆమె చెడ్డది కాదు. కానీ చింతపండు ఎంత పిసకాలో ఆమె చెప్పాలి, పోపు ఎప్పుడు దించాలో ఆమె చెప్పాలి. నా కూతురు బడికి పోయే వయసుకొచ్చినా, మా ఇంటి పప్పులో ఎంత పులుపు పడాలో నా చెయ్యి ఏనాడూ తేల్చలేదు. ‘ఒచ్చే ఏడు లేపుదాం’ అని మామ ప్రతి ఏడూ అనేవాడు. ఒక ఏడు ఆడబిడ్డ పెళ్లి అడ్డమొచ్చింది, ఒక ఏడు బోరు ఎండింది, ఇంకో ఏడు అత్తమ్మ దవాఖాన పాలయింది. నేను మాత్రం బట్టలు ఆరేయడానికి మేడెక్కినప్పుడల్లా, నా కిటికీ రావాల్సిన రెండు సలాకల మధ్య కాసేపు నిలబడి దిగేదాన్ని.

మామకు ఆ సలాకలంటే ప్రాణం. వానలు మొదలయ్యే ముందు వాటికి పాత ఇంజనాయిలు పూసి, మొదళ్లకు గోనెసంచులు చుట్టి, నైలాన్ తాడుతో బిగించేవాడు. పాత సంచి తీసేది లేదు, దాని మీదే కొత్తది. కొత్తగా పోసిన పిల్లరుకు మిస్త్రీలు తడి గోనె చుట్టడం ఎప్పుడో చూసి, సిమెంటుకు గోనె మంచిదని ఆయన మనసులో పడిపోయింది. సందులో అందరి సలాకలూ బోసిగా ఉంటే, మావి పంచె కట్టుకున్న పెద్దమనుషుల్లా ఉండేవి. మామ కింద నుంచి వాటిని చూసుకుని మురిసిపోయేవాడు.

తెలంగాణ ఉద్యమం బాగా వేడి మీదున్న రోజుల్లో, ఒక వానాకాలం, మా ముందు పిల్లరు పగిలింది. పై వాటా వరండాలో మొదలై కిందిదాకా నిలువునా బీట, దాని పక్కన ఎర్రటి తుప్పు మరక. ఆ వారంలోనే అరచేయంత సిమెంటు పెళ్ల ఊడి గేటు ముందు పడింది. నా కూతురు అప్పుడే గేటు దాటి బడికి పోయింది.

ఆ పెళ్ల ఊడ్చి ఎత్తకముందే బిల్డరు వచ్చాడు. ఎవరు చెప్పారో ఇప్పటికీ తెలియదు. మామ ఊరికి పక్క ఊరివాడు, మామను కాకా అని, నన్ను వదినె అని పిలుస్తాడు.

“కాకా, గీ ఇల్లు ఇగ ఆగదు. కూలగొట్టి ఐదంతస్తులు లేపుత. రెండు ఫ్లాట్లు నీయి. ఒకటి నీకు, ఒకటి వదినెకు. నువ్వు చెయ్యి కూడ కదపాల్సిన పని లేదు” అన్నాడు.

ఒకటి వదినెకు అన్న దగ్గర నా ప్రాణం లేచి వచ్చింది. తూర్పు కిటికీ ఉంటుందా అని అడిగాను. “నీకు ఎటు కావాల్నో గటే పెడ్త వదినె” అన్నాడు. నేను ఒక్కమాటతో నమ్మిన మనిషి జీవితంలో ఎవరైనా ఉన్నారంటే, ఆ రోజుకు అతనే.

అడ్డం వచ్చింది పై వాటాలో కిరాయికుండే ఆయన. కృష్ణా జిల్లా మనిషి. కారే స్లాబులు, పగిలిన పిల్లర్లు బాగుచేసే పని ఆయనది. ఇంట్లో ఆయనా, భార్యా ఇద్దరే. నేను ఆయన్ను అన్నా అని, ఆమెను వదినా అని పిలిచేదాన్ని. మామ అడిగితే ఆయన చిన్న సుత్తి తెచ్చి, పిల్లర్లన్నిటినీ కింది నుంచి కొట్టుకుంటూ, చెవి పెట్టి విని, చివరికి మేడ మీదకు పోయాడు. బట్టలు తీసే వంకతో నేనూ వెనకే ఎక్కాను. ఆయన నన్ను చూసుకోలేదు. ముందు పిల్లరు సలాకల గోనె విప్పి లోపలికి చూశాడు. ముఖం మారింది. అటూ ఇటూ చూసి, మళ్లీ ఆ గోనెను ఉన్నదున్నట్టు చుట్టి, మామ వేసిన ముడే వేశాడు.

కిందికొచ్చి మామతో ఇంకో మాట చెప్పాడు.

“అప్పట్లో మిస్త్రీ ముందు మూలనున్న ఈ రెండు పిల్లర్లకీ సిమెంటు తక్కువ కలిపాడండి బాబాయ్ గారూ. అయినా ఇల్లు కూల్చక్కర్లేదు. చెడిందంతా చెక్కేసి, కొత్త ఇనుము కట్టి, చుట్టూ కాంక్రీటు పోద్దాం. స్లాబుకి తెల్లపూత వేస్తే ఎండాకాలం చల్లగా ఉంటది. మూసేసిన వెంటిలేటర్లు తెరిపించండి, మేడ మీద వాననీళ్లు బోరు దగ్గర ఇంకేలా తిప్పుకోండి. మీ మనవరాలి పెళ్లి కూడా ఈ ఇంట్లోనే చేస్తారు. కాకపోతే పైన ఆ ఊచలు కోసేయాలి. ఇంకో అంతస్తు మోయదిది.”

ఊచలంటే మా సలాకలే. కోసేయాలట. నా ఒళ్లు భగ్గుమంది.

మామ మాత్రం మిస్త్రీ దగ్గరే ఆగిపోయాడు. “నేను నాడే అనుకున్న. వాడు ఒట్టి దొంగ” అన్నాడు. ఆ మిస్త్రీ చనిపోయి చాలా కాలమైంది.

నేను ఆలోచించాను. ఇల్లు కూలిస్తే పెట్టెబేడా సర్దుకోవాల్సింది కిరాయిదారే. ఉంచితే ఆయన ఉంటాడు, పైగా బాగుచేసే పనీ ఆయనకే దక్కుతుంది. రెండు చేతులా లాభం. ఆపైన ఆంధ్రా మనిషి. ఆ రోజుల్లో ఈ చివరి మాట అందరి నోట్లోనూ సిద్ధంగా ఉండేది. చాయ్ హోటల్లో ఎవరైనా ‘ఏంటి’ అంటే చాలు, నాలుగు తలలు అటు తిరిగేవి. బస్‌స్టాపులో ఫోనొస్తే ఆయన గొంతు తగ్గించుకోవడం నేను చూశాను. ఒక్కోసారి మాతో ‘ఏంది’ అని మా యాసలో మాట్లాడబోయేవాడు, అది ఆయన నోట్లో సరిగ్గా కూర్చునేది కాదు. అదీ నాకు అనుమానంగానే ఉండేది.

“కోసెయ్యమంటవు, నీదేం పోయింది అన్నా” అని ముఖం మీదే అన్నాను. ఆయన సుత్తి సంచిలో పెట్టుకుని పైకి పోయాడు.

అంతలో తెలంగాణ కోసం సమ్మె మొదలైంది. బస్సులన్నీ డిపోల్లో ఆగాయి. మా ఆయన కండక్టరు. పొద్దున్నే ధర్నా టెంటు దగ్గరికి పోవడం, సాయంత్రం వచ్చి ‘బిల్డరుకు ఇచ్చేద్దాం నాయినా’ అని మామ చెవిలో పోరడం, అదే ఆయన పని. నేను కాదనలేదు. కానీ నా బుద్ధి ఊరుకోదు కదా, బిల్డరు మాటలు కూడా గిల్లి చూడడం మొదలుపెట్టాను. మామతో అతను ‘రాష్ట్రమొస్తే గీడ రేట్లు రెట్టింపైతయి, గప్పుడు నీ ఫ్లాట్లు బంగారం’ అన్నాడు. మా ఆయనతో ‘రాష్ట్రమొస్తే ఆంధ్రోళ్లు పోతరు, కిరాయికి కుక్క కూడ దొరకది, ఇప్పుడే ఇయ్యి’ అన్నాడు. రెండూ ఒక్క నోరే. అంతకన్నా నన్ను పరేషాన్ చేసింది ఇంకొకటి. ఇన్నిసార్లు వచ్చాడు, ఒక్కసారి కూడా మేడ ఎక్కలేదు, పిల్లరు మీద చెయ్యి పెట్టలేదు. బర్రె పొదుగు చూడకుండా బేరమాడేవాడికి కావాల్సింది పాలు కాదు, తోలు.

పక్క సందులో అతను అంతకుముందే తీసుకున్న ఇల్లొకటి ఉండేది. ఉండేది అంటే, అప్పటికి గుంత ఉండేది. ఇంటిని కూల్చి, గోడలూ స్లాబూ లారీల కొద్దీ ఎత్తి ఎక్కడో పోసి వచ్చారు. పునాదికి తవ్వాక పని ఆగిపోయింది. బందులు, ఇసుక రావట్లేదు, కూలీలు లేరు, రోజుకో కారణం. గుంత నిండా వాననీళ్లు, దోమలు. ఆ ఇంటావిడ కొత్తపేట రైతుబజారులో కనబడితే చెయ్యి పట్టుకుని ఆపాను.

“ఎల్బీనగర్‌ల ఒక్క అర్రల ఉంటున్నం చెల్లె. ఏడాదిల తాళాలిస్తనన్నడు. ఇప్పుడు ఫోనే ఎత్తుతలేడు. మా టేకు తలుపులు, కింద పరిచిన బండలు గూడ వాడే అమ్ముకున్నడు. ఒక్క తలుపన్న నాకిడిసిపెట్టు అంటె నవ్విండు” అంది. ఆమె సంచిలో కూరగాయలు కూడా సగమే ఉన్నాయి. నేను ఇంకేమీ కొనకుండా ఇంటికొచ్చేశాను.

ఆ మధ్యాహ్నం అత్తమ్మ పడుకున్నాక, ఎవరికీ చెప్పకుండా మేడెక్కి ముందు పిల్లరు గోనె విప్పాను. పై సంచి కింద ఇంకో సంచి, దాని కింద నల్లగా కుళ్లి ముద్దయిన మరో సంచి, పిండితే ఎర్ర నీళ్లు. లోపల సలాకలు ఉల్లిపొర లేచినట్టు పొరలు పొరలుగా లేచాయి. గోరుతో గీరితే రాలిపోతున్నాయి. ఆ పక్క పిల్లరూ అంతే, ట్యాంకు నిండి పొర్లిన నీళ్లు పడే మూల కదా. మామ ఏళ్ల తరబడి ప్రేమగా కట్టిన గోనెలు నీళ్లు తాగి, ఆ నీళ్లు సలాకల వెంట పిల్లరు కడుపులోకి దిగాయి. మిస్త్రీ పాపం ఏమీ లేదు.

నేరుగా పై వాటాకు దిగి తలుపు కొట్టాను. “ఏంది అన్నా, గోనెల సంగతి దాచి సిమెంటు తక్కువని ఎందుకు చెప్పినవు?” అన్నాను.

ఆయన కంగారుగా మెట్ల వైపు చూశాడు. “మామగారికి చెప్పమాకండి. పెద్దాయన, అపురూపంగా చూసుకుంటున్నాడు వాటిని. మీ చేత్తోనే పాడు చేశారని ఎలా చెప్పమంటారు? అందులోనూ ఈ రోజుల్లో, నేను. పోయినోడి మీద చెప్తే ఎవరికీ నొప్పి ఉండదు కదా అనుకున్నాను.”

“నీకు గీ ఇల్లు ఉంటె చాలు. నువ్వు ఉండనీకెనే కదా గిదంత?”

లోపల్నుంచి ఆయన భార్య అందుకుంది. “ఉండటమెక్కడిది వదినగారూ. పిల్లరు చెక్కేటప్పుడు పైన బరువు ఉండకూడదంట. పని మొదలైతే ముందు దిగేది మేమే. ఎల్బీనగర్ వైపు ఇళ్లు చూస్తున్నాం. ఏ ఊరు మీది అని అడుగుతున్నారు, చెప్పాక ఎవరికో ఇచ్చేశామంటున్నారు.”

కూల్చినా వాళ్లే దిగాలి, ఉంచినా వాళ్లే దిగాలి. నా లెక్క ఎక్కడా కలవలేదు. మెట్లు దిగుతూ కూడా, ఇందులో ఇంకేదో ఉందేమో అని వెతుక్కుంటూనే ఉన్నాను.

వారం తిరక్కుండా బిల్డరు కాగితాలు పట్టుకుని, తోడుగా ఇద్దరు మనుషులను వెంటేసుకుని వచ్చాడు. మామ మంచం మీద కూర్చున్నాడు, కళ్లద్దాలు పెట్టుకున్నాడు. మా ఆయన పక్కన నిలబడ్డాడు. పై వాటా ఆయన పనికి పోతూ మెట్ల దగ్గర ఆగిపోయాడు. బిల్డరు ఆయన వైపు గడ్డం ఎత్తి చూపించాడు.

“గా ఆంధ్రాయననే చెప్పిండు కద కాకా, సిమెంటు తక్కువేసిండ్రని. రెండు పిల్లర్లల తక్కువేసినోడు మిగిలిన వాటిల ఎక్కువేస్తడా? ఇల్లంత గట్లనే ఉంటది. రేపు మనవరాలి మీద పడితే ఎవరిది బాధ్యత?”

మామ తల ఊపాడు. నొప్పి ఉండదని చెప్పిన అబద్ధం ఇంటి మీదికి వచ్చి కూర్చుంది. నేను మెట్ల వైపు చూశాను. ఆయన పెదవి కదిలింది, మాట రాలేదు. బిల్డరుతో వచ్చిన ఇద్దరూ ఆయన్నే చూస్తున్నారు. ఎట్లా వస్తుంది మాట? ‘ఆంధ్రోడు వచ్చి, కాకా ఇంట్లో కాకానే తప్పు పడుతున్నడు’ అనడానికి వాళ్లకు ఎంతసేపు?

మామ పెన్ను టోపీ తీశాడు. నేను నోరు మూసుకుంటే చాలు, నాకు వంటిల్లు వస్తుంది. లేదా పక్క సందావిడకు లాగా ఎల్బీనగర్‌లో ఒక్క గది వస్తుంది. నోరు తెరిస్తే మాత్రం రెండూ రావు, సలాకలూ పోతాయి. కానీ మేడ ఎక్కని ఆ మనిషిని నమ్మడం ఇక నా వల్ల కాలేదు.

“మామా, దస్తకత్ పెట్టే ముందు ఒక్కసారి పైకి రా” అన్నాను. “నువ్వు గూడ రా” అని బిల్డరునూ పిలిచాను. అతను మోకాళ్ల నొప్పులన్నాడు.

మేడ మీద మామ ముందే గోనె విప్పాను. ఒక్కో సంచీ తీసి కింద పరిచాను. “సిమెంటు తక్కువ గాదు మామా. మిస్త్రీ తప్పు లేదు. గోనె నీళ్లు పట్టుకున్నది. మిగిలిన పిల్లర్లన్ని గట్టిగనే ఉన్నయి, చెడినయి గీ మూలకున్న రెండే.”

మామ సలాకను వేళ్లతో పట్టుకున్నాడు. పొర ఊడి చేతిలోకి వచ్చింది. దాన్ని వేళ్ల మధ్య నలిపాడు. “ఎంత మంచిగ కడితిని” అన్నాడు. ఆ గొంతు విని నాకు ఏడుపొచ్చింది. చెప్పకుండా ఉండాల్సింది అనిపించింది, కానీ అప్పటికే చెప్పేశాను, ఇక మిగిలింది కూడా చెప్పేయాలి.

“డిపోల ఒక్క ఆక్సిలు పోతె, బస్సంతా తుక్కుకేసినవా మామా?”

మామ నా వైపు చూశాడు. అది నేను మాట్లాడిన మాటల్లో ఆయనకు నేరుగా తగిలిన ఒకే మాట అనుకుంటాను. పంచెకు చేతులు తుడుచుకుని కిందికి దిగి, కాగితాలు మడిచి బిల్డరు చేతిలో పెట్టాడు. “ఇల్లు నేనియ్య బిడ్డా. చాయ్ తాగి పో” అన్నాడు. అతను చాయ్ తాగలేదు. మా ఆయన నాతో మూడు రోజులు మాట్లాడలేదు.

సలాకలు మామ తనే కోశాడు. కూలి మనిషిని పెడతామంటే వినలేదు. హ్యాక్సా బ్లేడు తెచ్చుకుని, ఎండలో తలకు తువ్వాలు చుట్టుకుని, ఒక్కొక్కటే కోసుకుంటూ పోయాడు. నా కిటికీ రావాల్సిన చోటికి వచ్చి ఆగాడు. “కొయ్యాల్నా బిడ్డా?” అని అడిగాడు. “కొయ్యి మామా” అన్నాను. కిందికొచ్చి, బాత్రూములో నల్లా తిప్పుకుని, కడుపారా ఏడ్చాను. అన్నేళ్లు ఎదురుచూసింది రెండు సలాకల మధ్య ఉన్న గాలి కోసమా అని నా మీద నాకే కోపం వచ్చింది.

పై వాటా వాళ్లకు ఎల్బీనగర్ చౌరస్తా అవతల ఒక ఇల్లు దొరికింది. ఆయన అక్కడినుంచి రోజూ వచ్చి పని చేయించాడు. కుళ్లింది చెక్కి, తుప్పు గీకి, కొత్త ఇనుము కట్టి పిల్లర్లకు కాంక్రీటు పోశారు. మేడకు తెల్లపూత వేశారు. అట్టముక్కలు అడ్డంపెట్టి మూసిన వెంటిలేటర్లు తెరిచేసరికి, అన్నేళ్ల తర్వాత మా హాలులో పొగవాసన పోయింది. నేను మాత్రం సిమెంటు బస్తాలు వచ్చినప్పుడల్లా లెక్క చూసుకుంటూనే ఉన్నాను. ఒక్కటీ తేడా రాలేదు.

పని అయ్యాక ఒక పొద్దున మామ నన్ను పిలిచాడు. “ఇగ ఇల్లు లేపుడు లేదు. పైన వాటల నువ్వు పొయ్యి పెట్టుకో” అన్నాడు.

“మరి అన్నోళ్లు?”

“ఆళ్లకు ఆడ దొరికింది కద” అన్నాడు, నా ముఖం చూడకుండా. నేను మళ్లీ అడగలేదు.

ఎండాకాలం మొదట్లో, పిల్లర్లు ఎలా ఉన్నాయో చూడటానికి అన్న వచ్చాడు. ఈసారి భార్య కూడా వచ్చింది. ఆయన కింద మామతో మాట్లాడుతుంటే, ఆమె మెట్లెక్కి నా వంటింటి గడప దగ్గర నిలబడింది. చాయ్ పెడుతున్నాను. గాలికి మంట ఆరిపోతుంటే, పళ్లెం అడ్డంపెట్టి మళ్లీ వెలిగించాను. ఆమె చెయ్యి అలవాటుగా తలుపు వెనకున్న అల్మరా వైపు పోయింది, చక్కెర డబ్బా కోసం. మధ్యలోనే ఆగి, ఆ చేత్తో కొంగు సర్దుకుంది.

“పొయ్యి ఆ మూలకి జరుపుకోండి వదినగారూ. ఇక్కడ సందులోంచి గాలి కొట్టుద్ది. వచ్చిన కొత్తల్లో నేనూ ఇక్కడే పెట్టి నానా తిప్పలు పడ్డాను” అంది.

నా పొయ్యి సంగతి ఈమెకెందుకు అనిపించింది నాకు, ఒక్క క్షణం. లోపలికి రా వదినా అన్నాను. “పర్లేదండి” అని గడప అవతలే నిలబడి చాయ్ తాగి, గ్లాసు గడప లోపల పెట్టి దిగిపోయింది. వాళ్లు గేటు దాటాక నేను పొయ్యిని ఆ మూలకు జరిపి వెలిగించాను. మంట కదలకుండా మండింది.